పుట్టుకతో వచ్చిన రాగిరంగు జుట్టు: పెళ్ళిచూపులకు ముందు నల్లరంగు వేసుకోవాలా?

ప్రశ్న: మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. నాకు ఇరవై మూడేళ్ళు, బి.ఇడి. పూర్తి కావస్తోంది. పుట్టినప్పటి నుంచీ నా జుట్టు రాగిరంగు. కనుబొమలు, రెప్పవెంట్రుకలు కూడా అంతే. ముక్కు మీద, బుగ్గల మీద గోధుమరంగు చుక్కలు ఉన్నాయి. కాసేపు ఎండలో నిలబడితే ఒళ్ళు ఎర్రగా కందిపోతుంది. చూపుకు మాత్రం ఏ లోటూ లేదు. చిన్నప్పుడు అంగన్‌వాడీ దీదీ నాకు తిండి చాలడం లేదేమోనని ఛతువా (పోషకాహారపు పిండి) పొట్లాలు ఎక్కువగా ఇచ్చేదట. బడిలో నన్ను ‘ఎర్రగుంట’ అని పిలిచేవారు. అమ్మ నన్ను మిషన్ ఆసుపత్రిలో కన్నదని తెలిసినవాళ్ళు ‘దొర రక్తం’ అని గుసగుసలాడేవారు, ఆ మాటకు అమ్మ ఏడవడం నేను చూశాను. నాన్నగారి జుట్టు నలుపే గాని, గడ్డం పెరిగితే అందులో ఎర్రజాయ కనిపిస్తుంది. ప్లస్ టూలో చేరినప్పుడు జుట్టుకు రంగు వేసుకోవడం నిషేధమన్నారు. ఇది నా సొంత రంగేనని చెప్పినా నమ్మక, నల్లరంగు వేయించుకొని రమ్మన్నారు. అప్పటి నుంచి వేస్తూనే ఉన్నాను. ఈ మధ్య రంగు వేసిన మర్నాడు నుదుటి మీద దురద, కనురెప్పల వాపు వస్తున్నాయి. టెక్కలి వైపు నుంచి ఒక సంబంధం వచ్చింది, వచ్చే నెలలో పెళ్ళిచూపులు. రంగు వేసుకొని కూర్చోమనీ, విషయం తర్వాత చెప్పుకుందామనీ అమ్మ అంటోంది. సంబంధం తెచ్చిన పెద్దాయన కపిలవర్ణం గల కన్య శాస్త్రానికి పనికిరాదని భయపెట్టారు. ఇది కుదరకపోతే మేనమామ కొడుకు ఉన్నాడు. మా అమ్మానాన్నలదీ మేనరికమే. పుట్టబోయే పిల్లలకు కూడా ఇదే జుట్టు వస్తుందా? నేను ఏం చేయాలి?

సమాధానం: మీరు ఉత్తరంలో పెళ్ళి గురించి ఎక్కువగా, కనురెప్పల వాపు గురించి ఒక్క వాక్యంలోనూ రాశారు. నేను ఆ ఒక్క వాక్యంతోనే మొదలుపెడతాను, ఎందుకంటే ఆలస్యం చేయకుండా చూసుకోవలసింది అదే. నల్లరంగు పొడుల్లోనూ ద్రావణాల్లోనూ సాధారణంగా పారాఫినైలిన్ డయమీన్ (పీపీడీ) అనే రసాయనం ఉంటుంది. ఏళ్ళ తరబడి ఏ ఇబ్బందీ లేకుండా వాడినవారికి కూడా ఒకనాడు హఠాత్తుగా అది పడకపోవడం మొదలవుతుంది. నుదుటి అంచున, చెవుల వెనుక దురద, ఒకటి రెండు రోజుల్లో కనురెప్పల వాపు దాని తొలి గుర్తులు. ఇలా ఒకసారి శరీరం ఎదురుతిరిగిందంటే సాధారణంగా అది జీవితాంతం నిలిచిపోతుంది, ప్రతిసారీ మునుపటికంటే తీవ్రంగా రావచ్చు. కాబట్టి పెళ్ళిచూపుల సంగతి ఎటు తేలినా ఇక మీద ఆ రంగు తలకు తాకనివ్వకండి. చెవి వెనుక కొద్దిగా రాసి 48 గంటలు చూసే పరీక్ష ఇంతవరకూ ఏమీ కానివారికోసం ఉద్దేశించినది. మీరు ఇంట్లో దాన్ని ప్రయత్నించవద్దు, చర్మవైద్యులు చేయవలసిందే. ‘నల్ల గోరింట’ పేరుతో అమ్మే పొట్లాల్లో చాలావాటిలో ఉండేది కూడా ఈ రసాయనమే గనుక, ఆకు బొమ్మ చూసి మోసపోకండి. అసలైన గోరింటాకు ఎరుపునే ఇస్తుంది, మీ జుట్టును మరింత ఎర్రగా చేస్తుంది. ఎప్పుడైనా ముఖమంతా వాచినా, ఊపిరి ఆడకపోయినా మర్నాటి దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇక జుట్టు విషయం. మన వైపు ఎర్రబడిన జుట్టును చూడగానే ఎవరికైనా రెండు అనుమానాలు వస్తాయి. ఒకటి, ఎండకూ నూనె లేకపోవడానికీ రంగు మారిన జుట్టు. అది కుదురులో నల్లగా, కొసలలో మాత్రమే రాగిరంగులో ఉంటుంది. రెండవది, మాంసకృత్తులు చాలక పిల్లల జుట్టు పలచబడి, మెరుపు పోయి, లాగితే నొప్పి లేకుండా ఊడివచ్చేటట్టు కావడం. గజపతి కొండ గ్రామాలను, పాత కోరాపుట్ జిల్లా పల్లెలను ఎరిగిన అంగన్‌వాడీ కార్యకర్త ఎర్రజుట్టు గల పసిపిల్లను చూసి తిండి గురించి ఆలోచించడం సరైన పనే. ఆమె మిమ్మల్ని అవమానించలేదు, తన పని తాను చేసింది. రేపు మీరు ఉపాధ్యాయినిగా కొండ మీద బడికి వెళ్తే ఆ చూపు మీకూ అవసరమవుతుంది: నిన్నటి దాకా నల్లగా ఉన్న పిల్లవాడి జుట్టు ఎర్రబడి పలచబడినా, పాదాలు ఉబ్బినా, అది మీ జుట్టు వంటిది కాదు, ఆ సంగతి ఆరోగ్య కార్యకర్తకు చెప్పవలసి ఉంటుంది. మీ విషయంలో కుదుళ్ళ నుంచి కొసల దాకా ఒకే రంగు, కనుబొమలకూ అదే రంగు, పుట్టిన నాటి నుంచీ అదే తీరు. తిండిలోపం వల్ల వచ్చిన రంగు తిండి సరిపడితే పోతుంది. ఛతువా ఎంత తిన్నా మీది పోలేదు, ఎందుకంటే అది లోపం కాదు. కరివేపాకు, ఉసిరి, గుంటగలగర నూనెలు రాసిన ఇరుగుపొరుగు పెద్దమ్మలందరి ప్రయత్నాలూ ఇందుకే ఫలించి ఉండవు. వెంట్రుక రంగు చర్మం లోపల, కుదురులోనే నిశ్చయమవుతుంది, పైన రాసిన నూనె ఆ లోపలి పనిని మార్చలేదు.

వెంట్రుకకు రంగునిచ్చే మెలనిన్ ముఖ్యంగా రెండు రకాలు. నలుపు, గోధుమ రంగులను ఇచ్చేది యూమెలనిన్. ఎరుపు, పసుపు జాయలను ఇచ్చేది ఫియోమెలనిన్. ఈ రెండింటిలో దేన్ని ఎక్కువగా తయారుచేయాలో కణానికి తెలిపే వ్యవస్థలో ఎంసీ1ఆర్ అనే జన్యువుది పెద్ద పాత్ర. అది 16వ క్రోమోజోముపై ఉంటుంది. దానిలో మార్పులకూ ఎర్రజుట్టుకూ సంబంధం ఉందని 1995లో బ్రిటన్, ఐర్లాండు ప్రజలను పరీక్షించినవారు తేల్చారు. ఆ తర్వాత 2018లో బ్రిటన్‌లో సుమారు మూడున్నర లక్షల మంది వివరాలను పరిశీలించినప్పుడు, ఎంసీ1ఆర్ ఒక్కటే కాక ఇతర జన్యువులు కూడా ఇందులో చేయి కలుపుతాయని తెలిసింది. ప్రపంచం మొత్తం మీద ఎర్రజుట్టు గలవారు నూటికి ఒకరిద్దరే. స్కాట్లండ్, ఐర్లాండ్‌లలో వారి సంఖ్య అన్నిచోట్ల కంటే ఎక్కువ. అలాగని అది ఆ దేశాలవారి సొత్తు కాదు. నల్లని మేనిఛాయగల ప్రజల్లో టీవైఆర్‌పీ1 అనే మరో జన్యువులోని మార్పు వల్ల జుట్టు, చర్మం ఎరుపు తిరగడం దక్షిణాఫ్రికా ప్రాంతంలో ఎక్కువగా కనిపిస్తుంది. అటువంటివారిలో కళ్ళు వెలుతురును ఓర్చుకోలేకపోవడం, చూపు నిలకడ లేకపోవడం కూడా ఉండవచ్చు. మీ చూపుకు లోటు లేదన్నారు, అది మంచి సూచనే, అయినా ఒకసారి కళ్ళు కూడా చూపించుకుంటే ఆ సందేహం పూర్తిగా తీరుతుంది.

‘దొర రక్తం’ అన్న మాటకు జవాబు మీ ఇంట్లోనే ఉంది. ఎంసీ1ఆర్ వల్ల వచ్చే ఎర్రజుట్టుకు సాధారణంగా తల్లి వైపు నుంచి ఒకటి, తండ్రి వైపు నుంచి ఒకటి, మారిన జన్యువులు రెండు కావాలి. ఒక్కటే ఉన్నవారి తల నల్లగానే ఉంటుంది గాని, మగవారిలో కొందరికి గడ్డంలో ఎర్రజాయ బయటపడుతుంది. మీ నాన్నగారి గడ్డం గురించి మీరు మాటవరసకు రాసినది నిజానికి మీ ఉత్తరంలో అన్నిటికంటే విలువైన సాక్ష్యం. మీ అమ్మానాన్నలది మేనరికం. ఇద్దరూ ఒకే తాత, అవ్వల సంతతి. ఆ పెద్దల్లో ఒకరికి ఉన్న మార్పు కొన్ని తరాలు నల్లని జుట్టు కిందనే దాగి, అటు మీ అమ్మకూ ఇటు మీ నాన్నకూ వచ్చి, మీలో రెండూ కలిశాయని అనుకోవడానికి ఏ దొరనూ తెచ్చి కూర్చోబెట్టనవసరం లేదు. ఇంకా చెప్పాలంటే, ఊరివాళ్ళు ఊహించినట్టు తండ్రి ఎవరో పరాయివాడే అయినా, అమ్మ వైపు నుంచి కూడా ఆ జన్యువు రాకపోతే మీకు ఈ జుట్టు వచ్చేది కాదు. ఆ గుసగుసలో బుద్ధి ఎంత తక్కువో చూడండి.

పసిఫిక్ మహాసముద్రంలోని సాలమన్ దీవుల ప్రజల మీద కూడా ఇదే అపవాదు ఉండేది. వారు చాలా నల్లని మేనిఛాయ గలవారు, అయినా నూటికి అయిదు నుంచి పది మందికి పసుపుపచ్చని జుట్టు ఉంటుంది. ఐరోపా నావికులు, వ్యాపారులు వచ్చిపోయినందువల్లనే అలా అయిందని బయటివాళ్ళు చాలాకాలం చెప్పుకున్నారు. 2012లో పరిశోధకులు ఆ దీవులవాసుల జన్యువులను పరీక్షించి, ఐరోపావారిలో కనిపించని ఒక మార్పు టీవైఆర్‌పీ1లో ఉందనీ, ఆ రంగు అక్కడిదేననీ నిరూపించారు. అదీ తల్లిదండ్రులిద్దరి నుంచీ అందితేనే పైకి కనిపించే రకం.

ఈ విషయం మొదట వినవలసినది టెక్కలివారు కాదు, మీ అమ్మగారు. నాకు అనిపించేది ఏమిటంటే, ఆవిడ మీ తలకు నల్లరంగు పూయించాలని చూడడం పెళ్ళికొడుకు కోసం కొంతే, తన మీద పడిన మాటను కప్పడం కోసం ఎక్కువ. ఇరవై మూడేళ్ళుగా తన నిజాయితీని ఎవరూ నోరు తెరిచి అడగని, నోరు తెరిచి సమర్థించని ఇంట్లో ఆవిడ ఉన్నారు. మీరు పక్కన కూర్చొని, నాన్నగారు కూడా వింటుండగా, ఈ జుట్టు తమ ఇద్దరి నుంచీ వచ్చిందని చెప్పండి. ఆ మాట నాన్నగారి నోట కూడా రావాలి. కూతురు చెప్పడం వేరు, భర్త చెప్పడం వేరు. అప్పుడు రంగు వద్దనడం మీకూ తేలికవుతుంది, ఆవిడకూ తేలికవుతుంది.

పెళ్ళిచూపుల నాటికి మీ జుట్టు రెండు రంగుల్లో ఉంటుంది. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి కుదుళ్ళలో రాగిరంగు కనిపిస్తూ, కింద నలుపు మిగిలి ఉంటుంది. ఆ నలుపును తీసేస్తామని పార్లరువాళ్ళు బ్లీచ్ చేయబోతే ఒప్పుకోకండి, ఇప్పటికే పుండులా ఉన్న మాడుకు అది మరింత హాని. మీకు మనసొప్పితే భుజాల దాకా కత్తిరించుకోవచ్చు, లేదంటే ఏడాది గడిచేసరికి సగం జానెడుకు కొంచెం ఎక్కువగా సొంత రంగు పెరిగి వస్తుంది. చూపులకు ముందే నాన్నగారి చేత ఫోను చేయించి, ‘మా అమ్మాయి జుట్టు పుట్టుకతోనే రాగిరంగు, ఇంతకాలం రంగు వేసేవాళ్ళం, ఒళ్ళుకు పడక మానేశాం’ అని చెప్పించండి, మీ చిన్ననాటి ఫోటో ఒకటి పంపించండి. తర్వాత చెప్పుకుందామనడంలో ఉన్న చిక్కు ఇది: పెళ్ళయిన నెలలోపే కుదుళ్ళు బయటపడతాయి, అప్పుడు అత్తవారింట్లో చర్చ జుట్టు రంగు మీద జరగదు, దాచిపెట్టారన్న దాని మీద జరుగుతుంది. ముందుగా విని వెనక్కి తగ్గేవాళ్ళు ఉంటే తగ్గనివ్వండి. ఒక ఫోను ఖర్చుతో పోయిన సంబంధం అది.

శాస్త్రం సంగతి చెప్పిన పెద్దాయనకు కూడా సమాధానం ఉంది. మనుస్మృతి మూడవ అధ్యాయం ఎనిమిదవ శ్లోకంలో కపిలవర్ణం గల కన్యను వివాహమాడరాదని ఉన్నమాట నిజమే. అదే శ్లోకం ఎక్కువగా మాట్లాడే కన్యను కూడా వద్దంటుంది. ఆ మరుసటి శ్లోకం నక్షత్రాల పేర్లు, చెట్ల పేర్లు, నదుల పేర్లు పెట్టుకున్న ఆడపిల్లలను సైతం వద్దంటుంది. రోహిణులకూ, రేవతులకూ, తులసులకూ, యమునలకూ ఆ పెద్దాయన ఇంతవరకు ఎన్ని పెళ్ళిళ్ళు కుదిర్చారో మర్యాదగా అడిగి చూడండి. పతంజలి మహాభాష్యంలో కపిలకేశాలను బ్రాహ్మణుని గుణాల్లో ఒకటిగా చెప్పారు. చరకసంహిత పిత్త ప్రకృతి గలవారి లక్షణాల్లో కపిలవర్ణపు జుట్టును మామూలు విషయంగా పేర్కొంటుంది. ఈ రంగు జుట్టు మన దేశంలో పూర్వం నుంచీ ఉన్నదనీ, చూసినవారు దాన్ని తలా ఒక విధంగా తీసుకున్నారనీ వీటివల్ల తెలుస్తుంది. శాస్త్రం పేరు చెప్పి బేరం తగ్గించే ఎత్తుగడ కూడా మన ప్రాంతపు సంబంధాల్లో కొత్తది కాదు. కట్నం మాట దాని వెంటనే వస్తే అర్థం చేసుకోండి.

పిల్లల గురించి అడిగారు. మీది తల్లిదండ్రులిద్దరి నుంచీ అందిన రకమైతే, మీ ప్రతి బిడ్డకూ మీ నుంచి ఒక మారిన జన్యువు తప్పకుండా వెళ్తుంది, కాని భర్త నుంచి కూడా మరొకటి వస్తేనే ఎర్రజుట్టు పైకి కనిపిస్తుంది. బంధుత్వం లేని తెలుగు కుటుంబంలోని వ్యక్తికి అది ఉండే అవకాశం చాలా తక్కువ గనుక బిడ్డల జుట్టు నల్లగానే ఉండడానికి ఎక్కువ వీలుంది. మేనమామ కొడుకు విషయంలో లెక్క మారుతుంది. మీ అమ్మకు ఉన్న జన్యువు ఆమె తమ్ముడికో అన్నకో ఉండే అవకాశం సగం, అతని కొడుకుకు చేరే అవకాశం అందులో సగం, అతని నుంచి బిడ్డకు చేరేది అందులోనూ సగం. అంటే ఒక్కొక్క బిడ్డకు సుమారు ఎనిమిదింట ఒక వంతు. ఇతర జన్యువులు కూడా కలుగజేసుకుంటాయి కాబట్టి ఇది ఉజ్జాయింపు లెక్క మాత్రమే. జుట్టు రంగు జబ్బు కాదు, కనుక ఆ ఎనిమిదో వంతును చూసి భయపడనవసరం లేదు. నా అభ్యంతరం వేరే ఉంది. ఒక తరంలో మేనరికం జరిగి దాగి ఉన్న ఒక జన్యువు బయటపడిన కుటుంబంలో, వెంటనే మరో మేనరికం చేస్తే, జుట్టులా నిరపాయం కాని ఇతర జన్యువులు కూడా అదే దారిన బయటపడవచ్చు. బావను మీరు ఇష్టపడితే అది వేరే మాట, అప్పుడు జన్యు సలహా తీసుకొని నిర్ణయించుకోండి. ‘ఎర్రజుట్టు పిల్లను బయటివాళ్ళెవరు చేసుకుంటారు’ అన్న దిగులుతో మాత్రం ఆ సంబంధానికి తల ఊపకండి.

చర్మం విషయంలో మీకు ఇతరులకంటే ఎక్కువ జాగ్రత్త అవసరం. ఎర్రజాయ మెలనిన్ ఎండ నుంచి నల్లజాయ మెలనిన్ కాపాడినంతగా కాపాడదు. ఐరోపా దేశాల్లో ఎర్రజుట్టువారికి చర్మ క్యాన్సర్ ముప్పు ఎక్కువగా ఉండడానికి అదొక కారణం. గొడుగు, పొడుగు చేతుల జాకెట్టు, ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ మీకు అలంకారం కిందికి రావు, అవసరాలు. ఎండలో ఉన్నంతసేపూ రెండు గంటలకొకసారి సన్‌స్క్రీన్ మళ్ళీ రాయాలి. బుగ్గల మీది చుక్కలు పోవాలని మందుల దుకాణంలో అడిగి తెచ్చుకొనే తెల్లబరిచే క్రీముల్లో చాలావాటిలో స్టిరాయిడ్ ఉంటుంది, అది చర్మాన్ని పలచన చేసి ఎండకు ఇంకా లొంగదీస్తుంది. చుక్కలను వాటి మానాన వదిలేయండి. ఏదైనా మచ్చ ఆకారమో రంగో మార్చుకుంటే మాత్రం చూపించండి.

మరొక చిన్న సంగతి. 2004లో జరిగిన ఒక పరిశోధనలో ఎర్రజుట్టు స్త్రీలకు ఒక రకం మత్తుమందు సుమారు 19 శాతం ఎక్కువ కావలసి వచ్చింది, తర్వాతి పెద్ద పరిశీలనల్లో ఆచరణలో అంత తేడా కనిపించలేదు. కాబట్టి బెంగపడకుండా, పన్ను తీయించుకొనేటప్పుడు తిమ్మిరి ఎక్కకపోతే ఓర్చుకోకుండా చెప్పండి, అంతే. పీపీడీ పడనివారిలో కొందరికి బెంజొకేన్ అనే తిమ్మిరి మందు కూడా పడదు, దాన్ని దంతవైద్యులకు ముందే చెప్పడం మేలు.

బరంపురంలోని మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్య కళాశాల ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగానికి ఒకసారి వెళ్ళండి. మీరు వాడిన రంగు పొట్లాం పారవేయకుండా వెంట తీసుకువెళ్ళండి, దాని మీద రాసిన పదార్థాల జాబితా వైద్యులకు కావాలి. చిన్ననాటి ఫోటోలు, వీలైతే నాన్నగారు, ఆయన గడ్డం కూడా మీ వెంట ఉండాలి. జన్యు పరీక్ష ఇప్పుడే తప్పనిసరి కాదు. మేనరికం మాట ముందుకు సాగితే అప్పుడు అడగవచ్చు. పరీక్ష అయ్యాక, మీ జుట్టు రంగు పుట్టుకతో వచ్చిన సహజవర్ణమనీ, జుట్టు రంగులు మీకు పడవనీ ఒక కాగితం మీద రాసి సంతకం చేసి, ముద్ర వేసి ఇమ్మని అడగండి. ప్లస్ టూలో మిమ్మల్ని నమ్మనివారి వంటివారు రేపు ఉద్యోగంలోనూ ఉండవచ్చు, వారికి చూపించడానికి ఆ కాగితం నకళ్ళు రెండు మూడు తీయించి, మీ బి.ఇడి. పత్రాలతో పాటు ఉంచుకోండి.